ఇయ్యాళ ఎవురి మెడ?

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఒక ఆడమనిషిని గొంతు పిసికి చంపారు. టీవీలోనే అనుకోండి. కానీ నేను లేచి నిలబడి, "ఒరేయ్, ఆపరా! అది చావదురా!" అని అరిచిన అరుపుకు పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి తలుపు కొట్టింది.

మా అబ్బాయికి పాత ఇంగ్లీషు నేర సినిమాల పిచ్చి. నలుపు తెలుపువి. వాన పడుతూ ఉంటుంది, టోపీ పెట్టుకున్న మగవాడు సిగరెట్టు వెలిగించుకుని ఎవరినో ఒకరిని కాల్చేస్తూ ఉంటాడు. ఎక్కడో మూలబడి బూజు పట్టిన రీళ్ళను బయటికి తీసి, గీతలు తుడిచి, బొమ్మ బొమ్మా బాగుచేసి, ఇంట్లో చూసుకోవడానికి ఇప్పుడు డిస్కులు వేస్తున్నారట. వేలూరు ఎండల్లో కూర్చుని మావాడు వాటిని ఎక్కడెక్కడినుంచో తెప్పించుకుంటాడు. పెళ్ళి సంబంధం వచ్చిందంటే తలెత్తి చూడడు గానీ, ఆ డబ్బా వచ్చిందంటే గేటు దాకా పరిగెత్తుతాడు. "ప్రింటు అద్దంలా ఉందమ్మా, నువ్వూ చూడు," అంటే, సరే, ఉడికించిన వేరుశనక్కాయలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి తెర మీద ఒక కిటికీ, దాని అవతల ఒక బోర్డు కనిపించాయి. బోర్డు పెద్ద పన్ను ఆకారంలో ఉంది. వెలుగుతుంది, ఆరుతుంది. కింద పళ్ళ డాక్టరు ఉన్నాడన్నమాట. అది వెలిగినప్పుడల్లా గదిలో చీకట్లో కూర్చున్న మనిషి చేతిలో కత్తీ ఆపిల్ పండూ మెరుస్తున్నాయి. తొక్క ఎక్కడా తెగకుండా ఒకే పట్టీగా ఒలుస్తున్నాడు.

నా ఒళ్ళోంచి కాయలు కింద పడ్డాయి. నేను పుట్టకముందు తీసిన సినిమా అది. నేను ఎన్నడూ చూడలేదు. అయినా నాకు తెలుసు.

"వీడు ఇప్పుడు ఆ తొక్కను కిటికీలోంచి పారేస్తాడు చూడు," అన్నాను. పారేశాడు. "ఆ పిల్ల చేతిసంచీ పట్టుకుని వానలో వస్తుంది. వీడు పోయి మెట్ల కింద నిలబడతాడు." నిలబడ్డాడు. మావాడు సినిమా మానేసి నా మొహం చూడడం మొదలుపెట్టాడు.

"ఎప్పుడు చూశావమ్మా దీన్ని?"

"చూళ్ళేదురా. విన్నాను."

ఆ పిల్ల మెట్లెక్కుతోంది. వెనకాల వాడు. ఇక ఆమె గిర్రున తిరగాలి. తిరిగి, వాడి మెడచుట్టూ ఉన్న గుడ్డ పట్టుకుని బిగించాలి. పై అంతస్తుల్లో తలుపులు తెరుచుకోవాలి, ఆడవాళ్ళు దిగి రావాలి, తలా ఒక చెయ్యి వెయ్యాలి. నాకు తెలిసిన సినిమా అది. తెర మీద మాత్రం వాడే ఆమె మెడ పట్టుకున్నాడు. ఆమె మడమలు మెట్టుకేసి టకటకా కొట్టుకున్నాయి. ఒక చెప్పు ఊడి కిందికి దొర్లిపోయింది. నేను అరిచింది అప్పుడే.

మావాడు పక్కింటావిడకు సర్దిచెప్పి పంపించి, బొమ్మను వెనక్కి తిప్పి ఆపాడు. "ఇది చూడమ్మా. పాత ప్రింట్లలో ఇక్కడంతా ఉత్త నలుపే. ఇప్పుడు శుభ్రం చేశాక తెలుస్తోంది." తెర మీద వేలు పెట్టి చూపించాడు. మెట్ల పక్కన తలుపు ఒకటి కొంచెం తెరిచి ఉంది. గొలుసు వెనకాల ఒక కన్ను. పై తలుపు సందులో ఇంకో మొహం. చూస్తున్నారు, అంతే. ఒక్కరూ బయటికి రాలేదు.

"ఎంత బాగా తీశాడో కదా!" అన్నాడు మావాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బాగానే తీశాడు, వాడి మొహం!" అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఈ సినిమాను నాకు చెప్పిన మనిషి ఇలా చెప్పలేదు. ఆమె చెప్పిన తీరువల్లనే మా అక్క ఇవాళ ప్రాణాలతో ఉంది.

మేము వేలూరు పక్కన, అరవదేశంలోని గుడియాత్తంలో నేతగాళ్ళ వీధిలో ఉండేవాళ్ళం. ఇంటింటా లోపల లుంగీ మగ్గం, బయట అరుగు మీద బీడీ చాట. మగవాళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేసేవాళ్ళు, మేము అరుగు మీద వరసగా కూర్చుని చుట్టేవాళ్ళం. ఆ వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు అక్షరం వచ్చిన ఇల్లూ లేదు. నేనంటే చిత్తూరులో అమ్మమ్మ దగ్గర పెరిగి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను గనక ఇలా రాస్తున్నాను.

ఆమె మా ఎదురింటి మనిషి. చుట్టరికం ఏమీ లేదు, వీధిలో పిల్లా పెద్దా అందరికీ అత్తే. పొడుగు మనిషి, ఎముకలు లావు, నోట్లో ఎప్పుడూ ఒక పక్కన వక్కాకు. వేళ్ళు పొగాకు పసరు పట్టి నల్లగా ఉండేవి. చాలామందికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు, ఆమెకు చేతిలోనే ఉండేది. నోటితో తిట్టడం తక్కువ. తిట్టు వెతుక్కునే లోపలే చెయ్యి లేచిపోయేది.

బీడీ ఏజెంటు ఒకడు వచ్చేవాడు. కట్టలు విప్పి చూసి, బాగా లేవనుకున్నవాటిని మా కళ్ళముందే విరిచి పారేయడం వాడికి సరదా. ఒకసారి అత్త కట్టలోంచి గుప్పెడు తీసి విరిచాడు. అత్త మాట్లాడకుండా లేచింది. వాడి కాలరు పట్టుకుని, విరిగిన బీడీలన్నీ ఏరి, చొక్కా లోపలికి కూరి, పైనుంచి రొమ్ము మీద ఒక్క గుద్దు గుద్దింది. "ఇంటికి పోయి ఊదుకో పో నాయనా," అంది. పొగాకు చెమటలో నాని, వాడు వీధి చివరిదాకా గోక్కుంటూ పరిగెత్తాడు. మళ్ళీ వచ్చినప్పుడు కట్టలను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని చూశాడు.

మా అరుగు మీద ఒక ఏర్పాటు ఉండేది. కొత్త పడం వచ్చిందంటే (మావాళ్ళకు సినిమా అంటే పడమే) అందరం పోవడానికి కుదరదు. పోతే ఆ రోజు బీడీలు ఎవరు చుడతారు? అందుకని ఒక్క మనిషిని పంపేవాళ్ళం. ఆమె వాటా బీడీలు మిగతావాళ్ళం పంచుకుని చుట్టేసేవాళ్ళం. ఆమె తిరిగొచ్చి ఆ పడాన్ని మాకందరికీ చెప్పాలి. తెచ్చుకున్న బీడీ ఆకు అయ్యేదాకా కథ రావాలి, అదీ ఒప్పందం. మొదట్లో వంతులుండేవి. ఒకావిడ పోయి పాటలు మాత్రం పాడి వినిపించింది. ఇంకొకావిడ ఫ్యాను కింద హాయిగా నిద్రపోయి వచ్చి, "కడాసికి అందరూ బాగుండారు," అని ఒక్క మాటలో ముగించింది. ఆరోజు అరుగు మీద జుట్లు పట్టుకున్నారు. అప్పటినుంచి వంతులు ఎత్తేసి అత్తనే పంపడం మొదలుపెట్టారు.

అత్త కథ చెప్పేది కాదు, చేసేది. పాటలు ఎగరగొట్టేసేది. ప్రేమ ఒక్క ముక్కలో అయిపోయేది: "వాడు దాన్ని చూసినాడు, అది వాణ్ణి చూసింది, సరి, అది అట్లుండనీ." కొట్లాట వచ్చేసరికి చాట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, అరుగంతా ఒకసారి కలయజూసి అడిగేది: "ఇయ్యాళ ఎవురి మెడ?"

ఎవరో ఒకరు ఇవ్వాలి. గొంతు పిసకాలంటే నిజంగానే పట్టుకునేది. పొడవాలంటే ఆకు కత్తిరించే కత్తెర పిడితో డొక్కలో పొడిచేది. మా పిన్నమ్మను ఒకసారి కొండమీదినుంచి, అంటే అరుగుమీదినుంచి, కిందికి తోసేసింది. పిన్నమ్మకు చీలమండ వాచి పూరీలా పొంగింది. అత్త పసుపు కాచి తెచ్చి పట్టువేస్తూ ఆమె మీదే విసుక్కుంది: "పడేటప్పుడు అరవాల కదమ్మే! ఊరికే మూటమాదిరి పడితే చూసేవాళ్ళకు ఏం తెలస్తాది?" ఆడవాళ్ళే కాదు, ఆ దారిన పోయే మగవాళ్ళూ చిక్కేవాళ్ళు. ఉత్తరాలు ఇచ్చే ఆయన ఒకసారి పోలీసు ఇన్‌స్పెక్టరుగా గుండు దెబ్బ తిని, సంచీతో సహా అరుగుమీద వాలిపోయాడు. అత్త "లెయ్యప్పా, అయిపాయ" అనేదాకా కళ్ళు తెరవలేదు. ఆమె చేతిలో చావడం మా వీధిలో ఒక మర్యాద.

ఒక్కటే ఆమెకు గిట్టేది కాదు. పడంలో ఆడది దెబ్బలు తిని ఏడుస్తూ కూర్చుంటే చెప్పడం ఆపేసేది. "ఏం, దానికి చేతుల్లేవా?" అని మమ్మల్ని గద్దించి అడిగేది. మేమేదో తీసినట్టు!

మా అక్కను లత్తేరిలో ఇచ్చారు. బావకు రైల్వే స్టేషన్ దగ్గర సైకిళ్ళ అంగడి. చూస్తే ఎవరూ తప్పు పట్టలేరు. నవ్వు మొహం, శుభ్రంగా ఉతికిన చొక్కా, మా ఇంటికి వచ్చాడంటే చేతిలో మిఠాయి పొట్లం. ఆ నవ్వు చూసే నాయన పిల్లనిచ్చాడు. కొట్టే ముందు గొంతు సవరించుకుంటాడని అక్క అమ్మతో చెప్పింది. చిన్నగా ఒక దగ్గు, ఆ వెంటనే దెబ్బ. వంటింట్లో ఉన్నా సరే, దగ్గు వినబడితే అక్క చేతులు తలకు అడ్డం పెట్టుకునేది. మా ఇంట్లో నాయన దగ్గినా పెట్టుకునేది.

మొదటిసారి పెదవి చిట్లి వచ్చింది. నాయన కొన్నాళ్ళు ఉంచుకుని బస్సెక్కించాడు. తర్వాత వేళ్ళు. తలుపు సందులో పెట్టి మూశాడట. కట్టు విప్పకముందే పెద్దమనుషులు కూర్చుని, కాఫీలు తాగి, "ఆడబిడ్డ కొంచెం సర్దుకోని పోవాలమ్మా," అని తీర్పు చెప్పి లేచారు. "అంత అరిస్తే పక్కిండ్లోళ్ళు రారా?" అని అమ్మ అడిగింది. "తలుపులు ఏసుకుంటారు," అంది అక్క.

అక్క ఎన్నడూ పోనని అనలేదు. అంటుందేమోనని నేను ఆమె నోటికేసి చూస్తూ కూర్చునేదాన్ని. నాయన మూట కట్టుకోమంటే కట్టుకునేది, జడ వేసుకుని గడప దగ్గర నిలబడేది. "ఈసారి పోయిందంటే నా బిడ్డ శవమై వస్తాది," అని అమ్మ ఏడ్చేది, కానీ ఆ మాట నాయనకు వినబడేలా అనేది కాదు. మా ఇంట్లో ఎవరికీ నోరు లేదు.

చివరిసారి సైకిలు పంపుతో కొట్టాడు. ఎడమ చెవిలోంచి రక్తం కారి రవిక భుజం గట్టిపడిపోయింది. గుడియాత్తంలో చూసినవాళ్ళు వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. అమ్మకు భయం, నాయనకు సిగ్గు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటే అత్త చెంగు దోపుకుని వచ్చింది. "నేను పిల్చుకోని పోతా. మీరిద్దరూ ఈడ్నే కూర్చోని చూసుకుంటా ఉండండి," అంది.

ఆ వారం పడం చూసే వారం. పోతూ ఉంటే అరుగుమీద ఎవరో, "అట్లయితే పడం?" అని గొణిగారు. "ఆడ్నే చూసొస్తాలేమ్మే. వేలూర్లో లేని పడమా!" అంది అత్త.

అక్కను వార్డులో చేర్చుకుని, కూడా వచ్చినవాళ్ళను సాయంత్రం దాకా బయట ఉండమన్నారట. దగ్గర్లోనే సినిమా కొట్టాయి. గోడమీద కత్తి పట్టుకుని, టోపీ పెట్టుకున్న మనిషి బొమ్మ. తమిళ హీరోనే వేషం మార్చాడనుకుని లోపలికి పోయి కూర్చుంది. తీరా చూస్తే ఇంగ్లీషు పడం, అందులోనూ రంగు లేనిది. ఈ సంగతి వినేసరికి అరుగుమీద పెద్ద గోల లేచింది.

"రంగు గూడా లేదా? లేచొచ్చేస్తే ఏమత్తా?"

"ఎట్ల లేచొచ్చేది? ఈడ మీరంతా నా బీడీలు చుడతా ఉండారు కదే!"

"బాస తెలీకుండా కత ఎట్ల తెలిసె?"

"కొట్టేదానికి బాస యాలమ్మే?" అంది అత్త.

అక్క చెవికి దూది పెట్టుకుని ఇంటికి వచ్చాక ఆ పడం మొదలైంది. ఆ పక్క చెవి ఇక వినబడదని డాక్టర్లు చెప్పారు. లోపల గడప పక్కన చాప వేసుకుని పడుకునేది. బయట అరుగుమీద అత్త గొంతు. "ఇంత లావు పన్నమ్మా! ఏనుక్కి గూడా ఉండదు. దాంట్లో దీపం ఎలుగుతాది, ఆరిపోతాది. ఆ ఎలుగులో వాడు ఆపిలు ఒలస్తా ఉండాడు. చూస్తే ఎంత మంచోడో! నవ్వు మొగం. చేతిలో కత్తి లేకుంటే కాళ్ళు మొక్కుతారు మీరు." ఒక నిమిషం ఆగింది. "కొట్టే ముందర గొంతు సవరించుకుంటాడు."

కత్తెరల చప్పుడు ఆగిపోయింది. అందరం మా ఇంటి గడపకేసి చూశాం. మొన్న టీవీలో నేను జాగ్రత్తగా విన్నాను. వాడు ఒక్కసారి కూడా దగ్గలేదు.

మామూలుగా ఆకు అయ్యేసరికి పడం అయిపోవాలి. ఇది కాలేదు. కొత్త ఆకు తెచ్చాం, తడిపాం, అదీ అయిపోవచ్చింది. ఆ పిల్ల ఇంకా మెట్లు ఎక్కుతూనే ఉంది. "ఏమత్తా, తిరపతి కొండా అది?" అని పిన్నమ్మ రేగింది. "ఎక్కనీ. ఎనక ఎవురొస్తారో చూస్తాం," అనేది అత్త. ఆమె ఎవరికోసం ఆపుకుని కూర్చుందో మాకు తెలియలేదు. శుక్రవారం వచ్చి పిల్లను తీసుకుపొమ్మని నాయన లత్తేరికి కబురు పంపాడని మాత్రం వీధంతా తెలుసు.

శుక్రవారం బావ వచ్చాడు. నవ్వు మొహం, చేతిలో మిఠాయి పొట్లం, భుజం మీద కొత్త తువ్వాలు. నాయన కాఫీ తెమ్మని అమ్మను కేకేశాడు. అక్క లోపల మూట కట్టుకుంటోంది.

"రా అల్లుడా, కూర్చో," అంది అత్త ఎదురరుగుమీదినుంచి. "మంచి తావుకొచ్చినాది పడం."

బావకు పడమంటే ప్రాణం. వెళ్ళి అత్త కాళ్ళ దగ్గర మెట్టుమీద కూర్చున్నాడు. "నేను చూసిందా అత్తా?"

"చూసుంటావు నాయనా. నీకు తెలిసిన కతే."

చెప్పింది. వాన చెప్పింది, చేతిసంచీ చెప్పింది, మెట్ల మీద అడుగుల చప్పుడు చాటమీద వేళ్ళతో వాయించి చూపించింది. మూడో మెట్ల వరస దగ్గరికి వచ్చి ఆగింది. చాట పక్కన పెట్టింది. చేతులు దులుపుకుంది.

"ఇయ్యాళ ఎవురి మెడ?"

పిన్నమ్మ కత్తెర కింద పెట్టింది.

"అల్లుడుండాడు కదా. మరియాదకు ఆయనదే," అంది అత్త. బావ పెద్దగా నవ్వి, "తీసుకోండత్తా," అని మెడ వెనక్కి వాల్చాడు. అత్త అతని తువ్వాలు తీసి, మెడచుట్టూ ఒక చుట్టు తిప్పి, రెండు కొసలు రెండు చేతులకు చుట్టుకుంది. మోకాలు అతని వీపుకు ఆనించింది.

"అప్పుడు ఆ పిల్ల ఏం చేసిందంటే, గిర్రున తిరిగింది," అంది. బిగించింది.

బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వు దగ్గయింది. దగ్గు కీచుమంది. చెయ్యి ఎత్తి, చాలు చాలని ఊపాడు. అత్త ఆ చేతికేసి చూడలేదు. "పైన తలుపులు తెరుచుకున్న్యాయి," అంది. "ఆడోళ్ళు దిగినారు."

మొదట పిన్నమ్మ లేచింది. అప్పటినుంచీ నొప్పి తగ్గని చీలమండతో కుంటుకుంటూ వచ్చి బావ కుడిచెయ్యి పట్టుకుంది. ఇంకొకామె ఎడమచెయ్యి. అతను కాళ్ళు విసిరాడు, ఒక చాట ఎగిరి పొగాకు గాలిలోకి లేచింది, అందరికీ తుమ్ములు. నేను ఎప్పుడు లేచానో తెలియదు, కాలు పట్టుకున్నాను. నా చేతుల్లో ఆ కాలు పట్టుబడిన కోడిలా కొట్టుకుంటోంది. నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను.

నాయన కాఫీలోటా పారేసి పరిగెత్తుకొచ్చాడు. "ఐయో, విడుమ్మా! విడు! చచ్చిపోతాడు!"

"పడం చెప్తా ఉండానన్నా. నడుమ రావద్దు," అంది అత్త. గొంతు ఎక్కడా మారలేదు. పక్కింట్లో మగ్గం ఆగింది, ఆ అవతలింట్లోదీ ఆగింది. మగవాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు. ఒక్కడూ ముందుకు రాలేదు. బావ మొహం నేరేడు పండు రంగుకు తిరిగింది. కళ్ళు పైకి పోయాయి. నోటి పక్కనుంచి సొంగ కారి అత్త చేతిమీద పడింది.

అక్క మా గడపలోకి వచ్చి నిలబడింది. చంకలో మూట, చెవిలో దూది.

అత్త తల తిప్పి ఆమెను చూసింది. "ఇంగ నువ్వు చెప్పు పాపా. పోతావా?"

అక్క బావ మొహంకేసి చూస్తోంది. పెదవులు కదల్లేదు. అమ్మ వెనకనుంచి ఆమె భుజం పట్టి ఊపింది. అక్క అయినా చూస్తూనే ఉంది. నా చేతిలో కాలు కొట్టుకోవడం తగ్గింది. తర్వాత ఆగిపోయింది.

"పోను," అంది అక్క.

"మీ నాయనకు చెప్పు."

"నేను పోను నాయనా."

అత్త వదిలేసింది. బావ బోర్లా పడ్డాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో లోపలినుంచి గీరుకుంటూ ఊపిరి వచ్చింది, వాంతి చేసుకున్నాడు. చేతులమీద కొంతదూరం పాకి, లేచి, బస్టాండుకేసి పోయాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. అత్త చేతిని చెంగుకు తుడుచుకుని, కింద పడ్డ చాట ఎత్తి, "పొగాకంతా మన్నుపాలు చేసినాడు," అని చీపురు తెచ్చింది.

పెద్దమనుషులు మళ్ళీ కూర్చున్నారు. ఈసారి అత్తను నిలబెట్టారు. అల్లుణ్ణి చంపబోయావా అని అడిగారు.

"నేను పడం చెప్తా ఉండానప్పా. ఆయనే మెడ ఇచ్చినాడు. అడగండి."

ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. అందరిదీ ఒకే మాట: పడమే. చివరికి ఉత్తరాలాయన కూడా తనంతట తానే వచ్చి నిలబడి, "నన్ను గూడా ఒకతూరి చంపింది సార్," అని సాక్ష్యం చెప్పాడు. పెద్దమనుషులు మళ్ళీ కాఫీ తాగి లేచారు. బావ మళ్ళీ మా వీధి మొహం చూడలేదు. అక్క మూట విప్పి, ఆ సాయంత్రమే అరుగుమీద అత్త పక్కన కూర్చుని ఆకు కత్తిరించింది. ఇప్పుడు గుడియాత్తం బజారులో లుంగీల అంగడి నడుపుతోంది. ఎవరైనా దురుసుగా మాట్లాడితే చెవిటి చెవి వాళ్ళవైపు తిప్పి కూర్చుంటుంది.

అత్త పోయి కొన్నేళ్ళయింది. చావుకు పోయినప్పుడు అరుగుమీది ముసలమ్మలంతా శవం చుట్టూ కూర్చుని ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో లెక్కలు చెప్పుకున్నారు. "నన్ను బాయిలో తోసె," "నన్ను రైలు కింద ఏసె," "నాకు విసం పోసె గదమ్మా, ఉత్త మజ్జిగే, అయినా రెండు దినాలు కడుపునొచ్చె." ఏడుపు ఎప్పుడు నవ్వయిందో, మళ్ళీ ఎప్పుడు ఏడుపయిందో ఎవరికీ తెలియలేదు.

మొన్న ఆదివారం వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను గానీ కుదురు లేదు. అక్కకు ఫోను చేశాను. ఆమె ఫోను ఎత్తి, కుడి చెవికి మార్చుకుని, "చెప్పు," అంది.

"అక్కా, అత్త చెప్పిన పడం చూసినా. పన్ను దీపం పడం. కొత్తగా కడిగి ఇచ్చినారంట, మావోడు తెచ్చినాడు. దాంట్లో ఆ పిల్లను చంపేస్తాడక్కా. మెట్లమీదే. ఎవురూ రారు. అత్త మనకంతా మార్చి చెప్పింది."

"తెలుసు," అంది అక్క.

"నీకెట్ల తెలుసు?"

"ఆ పొద్దే చెప్పింది. కొట్టాయిలోంచి నేరుగా ఆస్పత్రిలో నా మంచం కాడికొచ్చి ఏడ్చింది."

అత్త ఏడ్చిందంటే నేను నమ్మలేకపోయాను.

"అన్ని తలుపులుండాయి పాపా, ఒకటన్నా తెరుచుకోలేదు, దాన్ని చంపేసినాడు, అని ఏడ్చింది. నీ మొగుడు నిన్ను గూడా చంపేస్తాడు అన్నింది. వాడు వచ్చినప్పుడు నేను పట్టుకుంటా, పోనని నువ్వు నీ నోటితో చెప్పేదాకా వదలను, అన్నింది."

"అంటే నువ్వు ఆ శుక్రవారం నోరు తెరవకపోయుంటే?"

"అత్త వాణ్ణి చంపేసుండును."

"అది నీకు తెలుసా?"

ఫోనులో బజారు చప్పుడు వినిపిస్తోంది. ఎవరో లుంగీ ధర అడుగుతున్నారు. అక్క వాళ్ళను ఉండమంది.

"తెలుసు," అంది. "తెలిసే, కొంచేపు ఊరికే నిలబడినా."